పుస్తెలమ్మి తినేంత ఉందా? పులస మీద ఒక చిన్న పాఠం

"పుస్తెలు అమ్మి అయినా పులస తినాలి." గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఈ సామెత కొత్తగా చెప్పక్కర్లేదు. వేరే జిల్లాల నుంచి కాకినాడ వచ్చి చదువుకుంటున్న మిత్రులకి మాత్రం ఏటా జూలై, ఆగస్టు వచ్చేసరికి ఒక డౌటు వస్తుంది. ఒక్క చేప కోసం ఇంత హడావిడి ఏంటండీ బాబూ అని. యానాం వేలంపాటలో రెండు కిలోలు కూడా లేని చేప ఇరవై వేలు దాటి పాడుకున్నారని పేపర్లో ఫొటోతో సహా వస్తుంది. మన హాస్టల్ మెస్ బిల్లుతో పోల్చుకుంటే కళ్ళు తిరుగుతాయి. వెంటనే హాస్టల్లో రెండు పార్టీలు తయారవుతాయి. "తినని వాడికేం తెలుసురా దాని రుచి" అని ఒక పార్టీ. "పేరు తప్ప ఏం లేదురా, కళ్ళు మూసుకుని తింటే కట్ల చేపకీ దానికీ తేడా తెలీదు" అని రెండో పార్టీ.

ఈ గొడవ తేల్చడానికి గొంతు పెద్దది చేసుకోవడం తప్ప వేరే దారి లేదా? ఉంది. మనం ఇంజినీరింగ్ చదువుతున్నాం. ఒక యంత్రం మీద కంపెనీ ఏం రాసినా టెస్ట్ బెంచ్ మీద పెట్టి చూడకుండా నమ్మకూడదని మొదటి ఏడాదే చెప్తారు కదా. చేపని ఎందుకు వదిలెయ్యాలి?

ఒక సామెత, మూడు ప్రశ్నలు

ముందు ఆ సామెతని విప్పి చూద్దాం. "పులస గొప్పది" అనే ఒక్క మాటలో మూడు వేరు వేరు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి.

మొదటిది: పులసకీ మామూలు చేపకీ నాలుకకి అందే తేడా ఉందా?

రెండోది: ఉంటే, ఆ తేడా మనకి నచ్చే తేడాయేనా?

మూడోది: నచ్చితే, అంత డబ్బు పెట్టేంత నచ్చుతుందా?

మన వాదనలన్నీ చెడిపోయేది ఈ మూడింటినీ కలిపేయడం వల్లే. ఒకడు మొదటి ప్రశ్నకి జవాబు చెప్తుంటే ఇంకొకడు మూడో ప్రశ్న మీద పోట్లాడుతుంటాడు. ఇద్దరూ కరెక్టే అయినా గొడవ తెగదు.

ఇలాంటి గొడవని ద్రాక్ష సారా విషయంలో బాగా పరీక్షించారు, బుడగలు వచ్చే షాంపేన్ లాంటి ఖరీదైన సీసాల విషయంలో కూడా. మన రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండితే గానీ మద్యం కొనకూడదు, మనలో చాలామందికి ఆ వయసు లేదు. కాబట్టి సీసా జోలికి వెళ్ళకుండా వాళ్ళు చేసిన పరీక్ష పద్ధతి మాత్రం తీసుకుని చేపకి పెడదాం.

సీసాకి కళ్ళకి గంతలు కట్టినప్పుడు

షాంపేన్ అనేది ఫ్రాన్స్‌లో ఒక ప్రాంతం పేరు. అక్కడ పండిన ద్రాక్షతో, అక్కడి పద్ధతిలో చేసిన దానికే ఆ పేరు పెట్టుకునే హక్కు. ఒకసారి పులిసిన ద్రాక్షరసాన్ని సీసాలో పోసి, ఇంకొంచెం చక్కెర, ఈస్ట్ వేసి మూత బిగిస్తారు. లోపల రెండోసారి పులుస్తుంది. పుట్టిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోలేక రసంలోనే కరిగిపోతుంది. సీసాలో ఒత్తిడి అయిదారు అట్మాస్ఫియర్ల దాకా ఉంటుంది, అంటే కారు టైరులో గాలి కంటే బాగా ఎక్కువ. అందుకే సీసా గాజు అంత మందం, బిరడా మీద ఆ తీగ. మామూలు రకాన్ని కూడా కనీసం 15 నెలలు నిలవ ఉంచాలని అక్కడి నియమం. ఇంత పని, ఇంత కాలం పడుతుంది కాబట్టి ధర ఉండటంలో వింత లేదు. ప్రశ్నల్లా, ఆ ధర నాలుకకి తెలుస్తుందా అనేదే.

అమెరికాలో రాబిన్ గోల్డ్‌స్టీన్ అనే ఆయన తన బృందంతో కలిసి సీసాల మీద లేబుళ్ళు కనపడకుండా చుట్టేసి, కొన్ని వందల మందితో రుచి చూపించారు. ఆరు వేలకి పైగా రుచుల లెక్కలు 2008లో ఒక పరిశోధన పత్రంగా వచ్చాయి. తేలింది ఏమిటంటే, ప్రత్యేకంగా శిక్షణ లేని మామూలు మనుషులకి ఖరీదైనది ఎక్కువ నచ్చలేదు. ఇంకా చెప్పాలంటే ఒక పిసరు తక్కువే నచ్చింది. శిక్షణ ఉన్నవాళ్ళలో మాత్రం లెక్క కొంచెం అటువైపు, అంటే ఖరీదైనదాని వైపు మొగ్గింది.

ఆయన బృందమే చేసిన ఇంకో పోటీ మన సబ్జెక్టుకి ఇంకా దగ్గర. ఒక పక్క 150 డాలర్ల డోమ్ పెరిన్యోన్, ఇంకో పక్క అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో తయారైన 12 డాలర్ల బుడగల సీసా. పేర్లు దాచి ఇస్తే 62 మందిలో 41 మంది 12 డాలర్లదే బాగుందన్నారు.

ఇక్కడ కాలిక్యులేటర్ తియ్యండి. రెండింటికీ తేడా ఏం లేకపోతే అది నాణెం ఎగరేసినట్టే. 62 సార్లు ఎగరేస్తే సగటున 31 బొమ్మలు పడాలి. స్టాండర్డ్ డీవియేషన్ 62లో నాలుగో వంతుకి వర్గమూలం, అంటే దాదాపు 3.94. 41 అంటే సగటు నుంచి రెండున్నర డీవియేషన్లు దూరం. కేవలం లక్కు మీద అలా పడే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువ. కాబట్టి వాళ్ళు ఏదో గాలివాటంగా చెప్పారనుకోడానికి లేదు. అలాగని ఖరీదైనది చెత్త అని కూడా రుజువవ్వలేదు. ఆ గదిలో ఆ రోజు ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి చవకది నచ్చింది, అంతే. పరీక్ష ఎంత చెప్పిందో అంతే వినాలి, అంతకంటే లాగకూడదు.

మరి లేబుల్ కనపడితే ఏమవుతుంది? అది కూడా చూశారు. కాలిఫోర్నియాలో కొందరు పరిశోధకులు 20 మందిని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి గొట్టంతో సారా రుచి చూపించారు. ఒకే రసాన్ని ఒకసారి 10 డాలర్లదని, ఇంకోసారి 90 డాలర్లదని చెప్పి ఇచ్చారు. 90 అన్నప్పుడు ఎక్కువ బాగుందన్నారు. అంతవరకూ ఊహించిందే. కానీ స్కానర్‌లో చూస్తే, మెదడులో సంతోషాన్ని లెక్కగట్టే చోట నిజంగానే ఎక్కువ కదలిక కనిపించింది. అంటే ధర విని "ఆహా" అన్నవాడు అబద్ధం ఆడట్లేదన్నమాట. వాడికి నిజంగానే ఎక్కువ బాగుంది. ఇది కూడా 2008లోనే అచ్చయింది. దీన్ని గుర్తుపెట్టుకోండి, పులుసు దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఎనిమిది టీ కప్పులు

ఇలాంటి పరీక్షలకి మూలపురుషుడు ఒకాయన ఉన్నాడు, పేరు రోనాల్డ్ ఫిషర్. చేపల పాఠంలో ఫిషర్ రావడం కాకతాళీయమే సుమండీ. ఇంగ్లండ్‌లో రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఆయన పనిచేసేటప్పుడు మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త ఒక మాట అందట. కప్పులో ముందు పాలు పోశారో, ముందు టీ పోశారో తాగి చెప్పేస్తానని. మనమైతే "వదిలెయ్యండి మేడం" అనేవాళ్ళం. ఫిషర్ పరీక్ష ఎలా పెట్టాలో ఆలోచించాడు. 1935లో వచ్చిన తన పుస్తకంలో అదే ఉదాహరణతో పాఠం మొదలుపెట్టాడు.

పద్ధతి ఇది. ఎనిమిది కప్పులు. నాలుగింటిలో ముందు పాలు, నాలుగింటిలో ముందు టీ. వరస కలిపేసి ఇవ్వాలి. ఏ నాలుగు ఏవో చెప్పాలి. ఎనిమిదిలోంచి నాలుగు ఎంచుకునే విధానాలు 70. అంటే ఏమీ తెలియకుండా గుడ్డిగా చెప్పినా డెబ్బైలో ఒక్కసారి అన్నీ కరెక్ట్ అవుతాయి. ఆ ఒక్కసారి అవకాశం చాలా చిన్నది కాబట్టి, అన్నీ కరెక్ట్ చెప్తే "ఈమెకి ఏదో తెలుసు" అని ఒప్పుకోవాలి. ఒక మనిషి గొప్పగా చెప్పుకున్న మాటని అవమానించకుండా, గుడ్డిగా నమ్మకుండా పరీక్షించడం అంటే ఇదీ.

చేప నిజంగా మారుతుందా?

ఇప్పుడు గోదావరికి వద్దాం. పులస అనేది వేరే జాతి చేప కాదని చాలామందికి తెలీదు. బంగాళాఖాతంలో తిరిగే ఇలస (కొన్ని ఊళ్ళలో వలస అంటారు) గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీది వస్తే దాన్నే పులస అంటాం. శాస్త్రీయ నామం టెనువలోసా ఇలిషా. బెంగాలీలు ప్రాణం పెట్టే ఇలిష్ కూడా ఇదే. బంగ్లాదేశ్‌కి ఇది జాతీయ చేప. మన దగ్గర వరద మొదలై గోదావరి ఎర్రనీరు సముద్రంలో కలిసే జూలై నుంచి సెప్టెంబరు దాకా దీని సీజను. ధవళేశ్వరం కింద గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది, వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఆ పాయల మొగల్లోంచి చేప పైకి ఎక్కుతుంది.

ఎక్కేటప్పుడు దాని ఒంట్లో చాలా మార్పు జరగాలి. సముద్రంలో ఉన్నప్పుడు బయట నీరు దాని ఒంటి కంటే ఉప్పన. ఒంట్లో నీరు బయటికి పోతూ ఉంటుంది, కాబట్టి చేప ఉప్పునీరే తాగి, ఆ ఉప్పుని మొప్పల ద్వారా బయటికి తోసేస్తుంది. నదిలోకి రాగానే అంతా తలకిందులు. మంచినీరు ఒంట్లోకి చొరబడుతుంది, దాన్ని పంపించేయాలి, ఉన్న ఉప్పుని పట్టి ఉంచుకోవాలి. రివర్స్ ఆస్మోసిస్ ప్లాంటు నడుస్తుండగానే పైపులు మార్చడం లాంటిది ఇది. ఇలా ఎదురీదే చేపలకి దారిలో మేత తగ్గిపోతుంది, ఒంట్లో దాచుకున్న కొవ్వే ఇంధనం. పైగా సముద్ర చేపల కండలో ఉప్పు ఒత్తిడిని తట్టుకోడానికి కొన్ని రకాల అమైనో ఆమ్లాలు ఎక్కువ ఉంటాయి, మంచినీటి చేపల్లో తక్కువ. మనకి చేప రుచిగా తెలిసేదాంట్లో ఈ కొవ్వుకీ, ఈ అమైనో ఆమ్లాలకీ వాటా ఉంది.

కాబట్టి "పేరు తప్ప ఏం లేదు" అనే పార్టీ కొంచెం తగ్గాలి. రుచి మారడానికి కారణాలు ఉన్నాయి. అయితే "నదిలోకి వస్తే చాలు పులస అయిపోతుంది" అనే పార్టీ కూడా తగ్గాలి. ఎందుకంటే ఈ మార్పు స్విచ్ నొక్కినట్టు జరగదు. మొగలో నిన్న అడుగుపెట్టి యానాం దగ్గర వలలో పడిన చేపా, పదుల కిలోమీటర్లు ఎదురీది ధవళేశ్వరం బ్యారేజీ దాకా వెళ్ళిన చేపా ఒకటి కావు. మార్కెట్లో రెండింటి పేరూ పులసే. ఎంత ఎదురీదితే అంత రుచి అని లంక ఊళ్ళలో పెద్దవాళ్ళు అనేది అందుకే. వాళ్ళ మాటలో ఒక గ్రాఫ్ ఉంది, మనం దాన్ని అవును, కాదు అనే రెండు గళ్ళలో కుదించేశాం.

మన పరీక్ష ఎలా ఉండాలి

ఒక విషయం గమనించారా? పులస వచ్చిందంటే ఇంట్లో ఎంత జాగ్రత్త! మట్టి దాక దించుతారు. కట్టెల పొయ్యి వెలిగిస్తారు. చింతపండు పులుసు, పచ్చిమిరపకాయలు, బెండకాయలు, కొందరి ఇళ్ళల్లో చివర్లో కొంచెం వెన్న, ఇంకొందరి ఇళ్ళల్లో ఆవకాయ నూనె. సన్నసెగ మీద గంటల తరబడి ఉడికించి, రాత్రంతా ఊరబెట్టి, మర్నాడు వడ్డిస్తారు. వండేది అమ్మమ్మో నాయనమ్మో. అదే మామూలు రోజున ఇలస తెస్తే స్టీలు గిన్నెలో, గ్యాస్ మీద, అరగంటలో అయిపోతుంది. ఆ తర్వాత "చూశావా, పులస రుచే వేరు" అంటాం. ఇక్కడ మారింది చేప ఒక్కటేనా? పాత్ర మారింది, మంట మారింది, టైము మారింది, చెయ్యి మారింది. ఒకేసారి ఇన్ని వేరియబుల్స్ మార్చిన ప్రయోగాన్ని ల్యాబ్ రికార్డులో రాస్తే సార్ సంతకం పెట్టరు.

సరిగ్గా చెయ్యాలంటే ఇలా చెయ్యాలి. కాకినాడ రేవులో ఆ రోజు దిగిన సముద్రపు ఇలస ఒకటి, ధవళేశ్వరం వైపు నదిలో పట్టిన పులస ఒకటి తేవాలి. బరువు దాదాపు సమానం ఉండాలి, ఎందుకంటే పెద్ద చేపలో కొవ్వు ఎక్కువ. గుడ్లుంటే రెండింటిలోనూ ఉండాలి. రెండూ అదే రోజువి కావాలి. వండే మనిషి, దాక, పొయ్యి, చింతపండు అన్నీ ఒకటే. వండినవాళ్ళు వడ్డించకూడదు, ఏ గిన్నెలో ఏముందో వడ్డించేవాళ్ళకి తెలియకూడదు. లేకపోతే వాళ్ళ మొహం చూసి మనం చెప్పేస్తాం.

తినేవాళ్ళకి ఒక్కొక్కరికి మూడు గిన్నెలు ఇవ్వాలి. రెండింటిలో ఒకే చేప, ఒకదాంట్లో వేరేది. వేరేది ఏదో పట్టుకోవాలి. దీన్ని త్రికోణ పరీక్ష అంటారు, ఆహార పరిశ్రమలో రోజూ వాడేదే. గుడ్డిగా చెప్తే కరెక్టయ్యే అవకాశం మూడింట ఒకటి. 12 మంది కూర్చుంటే లక్కు మీద నలుగురు కరెక్ట్ చెప్తారు. ఎనిమిది మంది కరెక్ట్ చెప్తే, అలా కేవలం లక్కు మీద జరిగే అవకాశం నూటికి రెండు లోపే, కాబట్టి తేడా ఉందని ఒప్పుకోవచ్చు. ఏడుగురే చెప్తే? నూటికి ఆరేడు దాకా అవకాశం ఉంది, ఇంకొంతమందిని కూర్చోబెట్టాలి. ఇది మొదటి ప్రశ్నకి జవాబు. తేడా పట్టుకున్నవాళ్ళని మాత్రమే "ఏది నచ్చింది?" అని అడిగితే రెండో ప్రశ్నకి జవాబు.

ఒక్కసారి పులుసు లేకుండా, ఉప్పు మాత్రం రాసి ఆవిరి మీద ఉడికించిన ముక్కతో కూడా చెయ్యాలి. చింతపండు చాలా గట్టిది, చిన్న చిన్న తేడాల్ని మింగేస్తుంది. పులుసులో తేడా తెలియక, ఉత్త ముక్కలో తెలిస్తే అది కూడా ఒక జవాబే: చేపలో తేడా ఉంది, మన వంటే దాన్ని దాచేస్తోంది అని.

అన్నట్టు, జడ్జీలుగా ఎవరిని పిలవాలి? గోల్డ్‌స్టీన్ లెక్క గుర్తుందా, శిక్షణ ఉన్నవాళ్ళకి వేరే ఫలితం వచ్చింది. మన హాస్టల్ కుర్రాళ్ళు ఒక జట్టు, ఏటా పులస తినే లంక గ్రామాల పెద్దలు ఒక జట్టు. రెండు జట్ల లెక్కలు విడివిడిగా రాయాలి. హాస్టల్ జట్టు పట్టుకోలేక, లంక జట్టు పట్టుకుంటే "పులస గొప్ప అబద్ధం" అనకూడదు. నాలుకకి కూడా చదువు ఉంటుందని అర్థం. అప్పుడు మొదటిసారి తినే మనిషి ఇరవై వేలు పెట్టడం, అక్షరాలు రాకుండా ఖరీదైన పుస్తకం కొనడం లాంటిదే.

ఆ ధర ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక మూడో ప్రశ్న. పన్నెండు ముక్కలొచ్చే చేపని ఇరవై వేలకి కొంటే ముక్క పదహారు వందల పైనే పడుతుంది. ఇలస అయితే దానికి ఎన్నో రెట్లు తక్కువ. రుచి అన్ని రెట్లు ఎక్కువ ఉంటుందా? ఉండదు, ఉండక్కర్లేదు కూడా. ధర రుచిని కొలిచే మీటరు కాదు. ఎన్ని చేపలున్నాయి, ఎంతమంది చేతులు చాస్తున్నారు అనేదాన్ని కొలిచే మీటరు అది.

పులస సీజను రెండు మూడు నెలలు. దొరికేది కొన్ని ఊళ్ళల్లో. ఒక్కో రాత్రి పడవ వేసుకుని వెళ్ళిన జాలరికి ఒక్క చేప కూడా పడకపోవచ్చు. అదే సమయంలో హైదరాబాద్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు. అందులో చాలా చేపలు కొన్నవాళ్ళ ఇంట్లో ఉడకవు కూడా. ఆఫీసరు గారికో, పెద్దాయనకో, వియ్యంకుడికో ఐస్ పెట్టెలో వెళ్తాయి. థోర్‌స్టీన్ వెబ్లెన్ అనే అమెరికా ఆర్థికవేత్త 1899లోనే ఈ సంగతి రాశాడు. కొన్ని వస్తువులు ఖరీదు కాబట్టే కావాలనిపిస్తాయి, చవకైతే వాటి మొహం ఎవరూ చూడరు అని. బహుమతిగా పంపే పులస సరిగ్గా ఆ కోవకి చెందుతుంది. దాని పని ఆకలి తీర్చడం కాదు, "మిమ్మల్ని ఇంత గుర్తుపెట్టుకున్నాం అండీ" అని చెప్పడం.

ఇక్కడే స్కానర్ ప్రయోగం గుర్తుచేసుకోవాలి. ఇరవై వేలని విన్నాక తిన్న ముక్క నిజంగానే ఎక్కువ బాగుంటుంది. తిన్నవాడిని వెక్కిరించడానికి లేదు. కాకపోతే ఆ సంతోషంలో చేప వాటా ఎంత, బిల్లు వాటా ఎంత అని అడిగే హక్కు మనకి ఉంది.

అది అసలు పులసేనా?

షాంపేన్ సీసాకి లేబుల్ ఉంది, దాని వెనక చట్టం ఉంది. గంపలో ఉన్న చేపకి లేబుల్ ఎక్కడిది? ఒడిశా, బెంగాల్ వైపు నుంచి ఐస్‌లో వచ్చిన ఇలస ఇక్కడ పులస పేరుతో అమ్ముడుపోతోందని ఏటా వినిపించే మాటే. జాతి ఒకటే కాబట్టి ముక్కలు కోశాక కనిపెట్టడం కష్టం. పులసకి ఒంటి మీద కొంచెం బంగారు, ఎరుపు జీర ఉంటుందని, సముద్రపుది తెల్లగా వెండిలా ఉంటుందని పాతకాపులు చెప్తారు. హోటల్లో పులుసు గిన్నెలో ఆ జీర ఎక్కడ వెతుకుతాం?

ఆలోచిస్తే ఇది కూడా ఒక గుడ్డి పరీక్షే. తేడా ఏమిటంటే, పరీక్ష జరుగుతోందని తినేవాళ్ళకి తెలియదు. మారుపేరు చేప తిని "అబ్బ, పులస అంటే పులసే" అన్న ప్రతి మనిషీ మొదటి ప్రశ్నలో ఫెయిలైనట్టు. అంటే పేరుకున్న బలం నాలుకకున్న బలం కంటే ఎక్కువన్నమాట.

పందెంలో ఉన్నది ఏమిటి

ఇంతవరకూ సరదాగానే మాట్లాడుకున్నాం. కానీ సీసాకీ చేపకీ ఒక పెద్ద తేడా ఉంది. షాంపేన్‌కి పేరు పెరిగితే తోటల్ని ఇంకా బాగా చూసుకుంటారు. పులసకి పేరు పెరిగితే గోదావరిలో పులస తగ్గుతుంది. మనం తింటున్నది గుడ్లు పెట్టడానికి వెళ్తున్న తల్లిని. ఒక్కో ఆడచేప కడుపులో లక్షల్లో గుడ్లుంటాయి. ధర ఎంత పెరిగితే మొగ దగ్గరే పట్టేయాలన్న ఆత్రం అంత పెరుగుతుంది. పట్టేకొద్దీ తగ్గుతుంది, తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. కంట్రోల్ సిస్టమ్స్ క్లాసులో దీన్నే పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు, అలాంటి సిస్టమ్ దానంతట అది నిలదొక్కుకోదు.

జాలరి ఒక్కడి మీదా నెపం వెయ్యడం కూడా అన్యాయం. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. డెల్టాకి అన్నం పెట్టింది అదే, మన ఊళ్ళల్లో ఆయన విగ్రహాలు ఊరికే లేవు. కానీ చేపకి అది గోడ. తర్వాత వచ్చిన బ్యారేజీ కూడా అంతే. పైన గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక దాని ఎగువన ఇలస బాగా పడిపోయిందన్నది అందరికీ తెలిసిన చరిత్ర. నీళ్ళు మనకి కావాలి, దారి చేపకి కావాలి. ఈ రెండూ కుదిరేలా చేపమెట్లు కట్టడం సివిల్ బ్రాంచ్ మిత్రులకి మంచి ప్రాజెక్టు.

చేతులెత్తేయక్కర్లేదని చెప్పడానికి పక్కనే ఒక ఉదాహరణ ఉంది. బంగ్లాదేశ్‌లో గుడ్లు పెట్టే రోజుల్లో అక్టోబరు ప్రాంతంలో మూడు వారాలు ఇలిష్ వేట పూర్తిగా ఆపేస్తారు. పిల్ల చేపల్ని పట్టే మీద నెలల తరబడి నిషేధం, ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకి బియ్యం ఇస్తారు. 2002-03లో రెండు లక్షల టన్నుల దగ్గర ఉన్న దిగుబడి 2018-19 నాటికి అయిదు లక్షల టన్నులు దాటింది. మన తూర్పు తీరంలో కూడా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేట నిషేధం ఉంది. అయితే పులస మొగలోకి వచ్చేది ఆ గడువు అయిపోయాకే. కాపలా ఒక తలుపు దగ్గర, చేప వచ్చేది ఇంకో తలుపు నుంచి.

మరి జవాబు?

మూడు ప్రశ్నలకీ విడివిడిగా చెప్పుకుందాం. తేడా ఉందా? ఉండటానికి గట్టి కారణాలున్నాయి, ముఖ్యంగా చాలా దూరం ఎదురీదిన చేపలో. నచ్చుతుందా? అలవాటైన నాలుకకి నచ్చే అవకాశం ఎక్కువ, కొత్త నాలుకకి ముళ్ళు ఏరుకోవడంతోనే సరిపోవచ్చు. ఇరవై వేలకి తగ్గంతా? రుచి కోసమే అయితే ఏ చేపా తగదు. ఆ డబ్బు కొరతకీ, హోదాకీ కడుతున్న డబ్బు.

కాబట్టి పులస తినలేదని ఏ మిత్రుడూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. కాకినాడ రేవులో దొరికే తాజా ఇలసని తీసుకుని, పులసకి చేసే మర్యాదలన్నీ దానికి చేసి చూడండి. మట్టి దాక, సన్నసెగ, ఒక రాత్రి ఓపిక. గుండెల నిండా తినొచ్చు, పుస్తెలు మెడలోనే ఉంటాయి. గోదావరి జిల్లాల మిత్రులు పులస ఇంటికి వచ్చినప్పుడు ధర అడిగే ముందు ఒక ప్రశ్న అడగండి: ఇది ఏ రేవులో పడింది, ఎంత దూరం ఎదురీదింది? ఆ జవాబు తెలిసిన ఇంట్లోనే పులస రుచి నిజంగా తెలుస్తుంది. ఆ సామెత చెప్పుకున్న పాతరోజుల్లో పుస్తెలు అమ్మితే పులస దొరికేది. మన పిల్లల కాలానికి అమ్మడానికి పుస్తెలు ఉండొచ్చు గానీ, కొనడానికి చేప ఉంటుందా అన్నదే ఇప్పుడు అసలు లెక్క.